మిర్చి యార్డులో ఒక గుండె మంట

2002వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటరు మొదటి అంతస్తు. నేను అక్కడ ఈసీజీ, టీఎంటీ తీసే టెక్నీషియన్ని. ఉద్యోగం మానేశాక మా నల్లపాడులో ఎవరైనా నా పని గురించి అడిగితే, కుడిచెయ్యి చాపి "లక్ష గుండెలు చూసిన చెయ్యి ఇది" అంటూ ఉంటాను. ఎవరూ లెక్క అడగరు కాబట్టి ఆ సంఖ్య ఏడాదికేడాది కాస్త పెరుగుతూ వచ్చింది. అచ్చులో కూడా అదే మాట చెబితే బాగుండదు. లక్ష కాదు, అందులో సగమూ కాదు. అసలు నేను చూసినవి గుండెలే కావు, కాగితం మీద అవి గీసిన గీతలు. గుండెను చూసేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు మాస్కులుంటాయి.

అప్పటికి పదేళ్ళ ముందు గుంటూరులో గుండె పరీక్ష అంటే ఈసీజీ ఒక్కటే. అది కూడా పెద్ద డాక్టరు రాస్తేనే. తొంభయ్యో దశకం చివరికొచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. ఎకో మెషిన్లు వచ్చాయి, ట్రెడ్‌మిల్లులు వచ్చాయి, వీధికో సెంటరు వెలిసింది. మెషిను కొన్నాక దాన్ని ఖాళీగా ఉంచటం యజమానులకు నచ్చదు. ఈసీజీ, ఎకో, టీఎంటీ కలిపి "హార్ట్ చెకప్" అని ఒక ప్యాకేజీ తయారైంది. పత్తి అమ్మి ఊరికి వెళ్ళేముందు మోటారు విడిభాగాలు కొనుక్కున్నట్టే, గుండె కూడా ఒకసారి చూపించుకుని వెళ్ళే రైతుల్ని నేను చాలామందిని చూశాను. నొప్పి ఉందా అంటే లేదనేవాళ్ళు. మరెందుకు వచ్చారంటే "ఎందుకైనా మంచిదని" అనేవాళ్ళు. ఆ "ఎందుకైనా మంచిది" అన్న మాట మీదే మా సెంటరు నడిచింది.

ఆ ఫిబ్రవరిలో మా వాళ్ళు మిర్చి యార్డులో ఉచిత గుండె శిబిరం పెట్టారు. సీజను మొదలైన రోజులు. యార్డు నిండా టిక్కీలు. టిక్కీ అంటే మిర్చి కూరిన గోనెబస్తా. వాటిని బండ్ల మీదనుంచి దించి, కాటా వేయించి, లారీలకెక్కించేది ముఠా కూలీలు. ఒక్కో ముఠాకు ఒక మేస్త్రి. శిబిరం కావాలని ముందుగా అడిగింది సాంబయ్య అనే మేస్త్రి. కిందటి సీజనులో అతని ముఠాలోనే ఒక మనిషి లారీకి ఆనించిన బల్ల మీద టిక్కీతో సహా కూలిపోయి మళ్ళీ లేవలేదు. ఆ దెబ్బతో సాంబయ్యకు భయం పట్టుకుంది. అందుకే తన మనుషులందరినీ తనే తోలుకొచ్చి వరసలో నిలబెట్టాడు.

"ఒరేయ్, చొక్కాలు విప్పి నిలబడండ్రా. ఎవడన్నా జారుకున్నాడో, రేపు బల్ల ఎక్కనియ్యను."

"మరి నువ్వు తీయించుకోవా మేస్త్రీ?" అని వరసలోంచి ఎవరో అడిగారు.

"మిమ్మల్ని కాసేదెవడురా? చివర్న తీయించుకుంటాలే."

యార్డు చివరిదాకా వరస నిలబడిందని, సాయంత్రానికి నా వేళ్ళు వంకర్లు పోయాయని చెబుతుంటాను. ముఠాలు మూడే వచ్చాయి. మధ్యాహ్నం భోజనాలకు మెషిను కట్టేశాం కూడా. ఆ ఘాటులో ఈసీజీ తీయటం కష్టమన్నది మాత్రం నిజం. మనిషి దగ్గినా తుమ్మినా గీత ఎగిరిపడుతుంది. పడుకున్నవాడు తుమ్మకపోతే తీసే నేను తుమ్మేవాణ్ణి.

ఈసీజీకి రొమ్ము మీద ఆరుచోట్ల రబ్బరు బుడ్డీల్లాంటి ఎలక్ట్రోడ్లు అతికించాలి. అవి పట్టి ఉండటానికీ, సంకేతం సరిగ్గా అందటానికీ చర్మానికి జెల్లీ రాస్తాం. దానికి ముందు స్పిరిట్ దూదితో తుడవాలి. ఎండ నెత్తి మీదికి రాకముందే స్పిరిటు సీసా అయిపోయింది. తుడవకుండానే రాయటం మొదలుపెట్టాను. యార్డులో పనిచేసేవాళ్ళ ఒంటిని కారం ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు వాళ్ళకది పట్టదు. తడి తగిలితే మాత్రం వేరే సంగతి.

అప్పుడు పరీక్ష బల్ల మీద పడుకున్నవాడు దానియేలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సాంబయ్య ముఠాలో లారీ బల్ల మీద ముందు నడిచేది అతనే, అంటే అతని అడుగును బట్టి వెనకవాళ్ళ అడుగు పడుతుంది. జెల్లీ రాసి రెండో బుడ్డీ అతికించానో లేదో ఒక్క అరుపు అరిచాడు.

"ఏందయ్యా ఈ జిగురు! గుండె మండిపోతా ఉంది!"

"నీ గుండె ఎవరికోసం మండుతుందిరా దానియేలూ?" అని వరసలోంచి ఒకడు.

"మీ పెద్దక్క కోసంరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసి, ఈసీజీ తీసి పంపేశాను. అక్కడికి రెండు గజాల దూరంలో బల్ల వేసుకుని మా కుర్ర డాక్టరు కూర్చుని ఉన్నాడు. మంచివాడు, పనిమంతుడు, అప్పుడే పీజీ పూర్తి చేసి వచ్చాడు. ఆయన చెవిన సగం మాటే పడింది. జిగురు సంగతి పడలేదు, గుండె మండటం పడింది. దానియేలు కాగితం మీద, రోగి చెప్పిన బాధ ఏమిటన్న చోట, "గుండెలో మంట" అని ఇంగ్లీషులో రాసుకున్నాడు. మన భాషలో లోపల కొట్టుకునేదీ గుండే, చొక్కా గుండీల వెనకాల ఉండేదీ గుండే. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఆ రెండింట్లో ఒకటి తేల్చుకోవాలి. ఆయన లోపలిది అనుకున్నాడు.

వారంలో దానియేలుకు కబురు వెళ్ళింది. అతని ఈసీజీ కింద "అబ్‌నార్మల్" అని అచ్చయింది. అది రాసింది డాక్టరు కాదు, మెషిను. బరువులు మోసేవాళ్ళకూ, పరుగుపందేలవాళ్ళకూ గుండె కండ కాస్త బలిసి గీతలు ఎత్తుగా పడతాయి. అది జబ్బు కాకపోవచ్చు. మెషినుకు మనిషి వృత్తి తెలియదు, గీత ఎత్తు చూసి తీర్పు రాసేస్తుంది. ఒట్టి ఎత్తు గీతలే అయితే మా డాక్టరు వదిలేసేవాడేమో. కానీ పక్కనే గుండెలో మంట అని తన చేతిరాతే ఉంది. ఎకో తీయాలన్నాడు.

ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండె కదలికల్ని తెర మీద చూడటం. దానియేలుది చూస్తూ డాక్టరు, "అంతా బాగుంది. వాల్వు దగ్గర చిన్న లీకు, ట్రివియల్. పట్టించుకోవక్కర్లేదు" అన్నాడు. ట్రివియల్ అంటే చెప్పుకోదగ్గది కాదని. మెషిన్లు బాగుపడిన కొద్దీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కవాటం దగ్గర అలాంటి జాడ కనిపిస్తూ ఉంటుంది. కానీ దానియేలు మెట్లు దిగేటప్పటికి ట్రివియల్ అన్న మాట మా సెంటర్లోనే ఉండిపోయింది. లీకు ఒక్కటే అతని వెంట యార్డుకు వెళ్ళింది.

సాంబయ్యకు నల్లపాడు అవతల రెండెకరాల మిర్చి, ఒక ఆయిల్ ఇంజను ఉన్నాయి. లీకు అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వాల్వు లీకా? ఫుట్ వాల్వు లీకైతే ఇంజను ఎంత తిప్పినా నీళ్ళెక్కవురా. ఇయ్యాల చిన్నదే. బల్ల మీద ఉండగా పెద్దదయితే?"

ఆరోజు నుంచి దానియేలును మోతకు రానివ్వలేదు. టిక్కీల మూతులు కుట్టే పనిలో కూర్చోబెట్టాడు. దబ్బనం, పురికొస పట్టుకుని ఆడవాళ్ళ పక్కన కుట్టటం. ఆ ఆడవాళ్ళు ఊరుకుంటారా? "రా దానియేలక్కా, కొప్పులో పూలు పెట్టమంటావా?" అని మొదలుపెట్టారు. ముఠాలో తోటివాళ్ళేమో ఆటపట్టించటం మానేసి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ రెండోది తనకు ఎక్కువ బాధగా ఉందని దానియేలు తర్వాత నాతో అన్నాడు.

మూడో పరీక్ష టీఎంటీ. అంటే ట్రెడ్‌మిల్ టెస్టు, అది నా విభాగం. కదిలే రబ్బరు పట్టా మీద మనిషిని నడిపిస్తాం. మూడేసి నిమిషాలకు పట్టా వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. గుండెకు పని పెరిగేకొద్దీ దానికి రక్తం చాలుతోందా లేదా అన్నది గీతల్లో తెలుస్తుంది. ఎస్‌టీ సెగ్మెంట్ అని గీతలో ఒక ముక్క ఉంటుంది. అది తన మట్టం నుంచి కిందికి దిగితే అనుమానించాలి.

దానియేలు పట్టా ఎక్కి రెండు చేతులా కమ్మీ బిగించి పట్టుకున్నాడు. ముఠావాళ్ళ నడక వేరు. నడుం ముందుకు వంచి పొట్టి అడుగులు టకటకా వేస్తారు. ఒట్టి ఒంటితో, నిటారుగా, వెనక్కిపోయే నేల మీద నడవటం అతనికి కుదరలేదు. కాళ్ళు ఒకదానికొకటి తగులుకున్నాయి.

"వీపు మీద ఏమీ లేకపోతే అడుగు పడట్లేదండీ" అన్నాడు.

ఈ ఘట్టానికి వచ్చేసరికి నేను గొంతు సవరించుకుంటాను. యార్డునుంచి ఒక టిక్కీ తెప్పించి అతని వీపుకెత్తాననీ, మోటారు పొగలు కక్కినా అతను ఆయాసపడలేదనీ చెబుతాను. ఈ కథ ఒక పెళ్ళిలో చెబితే వడ్డించేవాళ్ళు కూడా ఆగి విన్నారు. అలాంటిదేమీ జరగలేదు. అంత బరువు పెడితే ఆ పట్టా ఆగిపోయేది, దాంతోపాటు నా ఉద్యోగమూ. జరిగింది ఇంతే. నాలుగు అడుగులు తప్పాక అతనికి నడక అలవాటైంది. నేను మామూలుగా మనుషుల్ని దింపేసే దశలన్నీ దాటి నడిచాడు. ఆయాసంగా ఉందా అని అడిగితే, "ఆయాసం లేదు గానీ, ఎక్కడికీ పోకుండా ఇంతసేపు నడిపిస్తన్నారేందండీ?" అన్నాడు.

అయినా గీత కాస్త కిందికి దిగింది. మొదటినుంచీ ఎత్తుగా పడే గీతలున్నవాళ్ళలో జబ్బు లేకపోయినా అలా దిగటం ఉంటుంది. దాన్ని ఫాల్స్ పాజిటివ్ అంటారు, అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపటం. ఆ సంగతి మా డాక్టరుకు నాకన్నా బాగా తెలుసు. కానీ గుండెలో మంట, అబ్‌నార్మల్ ఈసీజీ, బోర్డర్‌లైన్ టీఎంటీ, మూడూ ఒకే ఫైల్లో వరసగా కూర్చున్నాయి. అప్పుడు "ఏం లేదు, వెళ్ళు" అనటానికి పీజీ చేసిన ధైర్యం చాలదు. యాంజియోగ్రామ్ చేయించటం మంచిదని రాశాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండెదాకా పంపి, రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రేలో నాళాల్ని చూసే పరీక్ష అది. చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందికి రక్తస్రావమో, అంతకన్నా పెద్దదో అవుతుంది. ఉన్న జబ్బును పట్టుకోవటానికైతే ఆ ప్రమాదం తీసుకోవచ్చు.

సాంబయ్య దానియేలుకు గడువు పెట్టాడు. సోమవారం యార్డు తెరిచేలోపు "నార్మల్" అన్న కాగితం తెస్తే సరే. లేకపోతే వినుకొండనుంచి ఇంకో మనిషిని పిలిపిస్తాడు. ఒకసారి ముఠాలో చోటు భర్తీ అయితే మళ్ళీ ఖాళీ అయ్యేది ఎవరైనా పోయినప్పుడో, పడినప్పుడో. దానియేలుకు వేరే పని తెలియదు.

శనివారం యార్డుకు సెలవు. మధ్యాహ్నం ఇద్దరూ సెంటరుకు వచ్చారు. దానియేలు రెండేసి మెట్లు ఎక్కి పైకొచ్చేశాడు. సాంబయ్య సగం మెట్ల దగ్గర ఆగి, తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకుని, అప్పుడు మిగతావి ఎక్కాడు. ఆ ఆగటం చూడగానే నాకు సంగతి అర్థమైపోయిందని మొన్నమొన్నటిదాకా చెప్పాను. అనుభవం ఉన్న కన్ను అంటే అదీ అని కూడా అన్నాను. ఏమీ అర్థం కాలేదు. ఈ ముసలాయన తలగుడ్డ ఎంత నీటుగా చుట్టుకుంటాడు అనుకున్నాను. నాకన్నా చిన్నవాడే అతను.

"మా డాక్టరు గారు బెజవాడ వెళ్ళారు. సోమవారం రండి" అన్నాను.

"సోమవారం వస్తే ఏముంటదండీ? నా చోటు పోయాక" అన్నాడు దానియేలు.

సాంబయ్య కుర్చీలో కూలబడి, "ఇంకేదన్నా మెషిను ఉంటే దాన్లో పెట్టి చూడండి. నాకు వీడి మీద కోపమా ఏంది? ఇంకో మనిషి బల్ల మీద పడితే చూడలేనండీ నేను" అన్నాడు.

"చూసినకొద్దీ ఏదో ఒకటి చెబుతన్నారు మేస్త్రీ. ఈసారి కాళ్ళక్కూడా వాల్వులున్నాయంటారు" అన్నాడు దానియేలు.

మా సెంటరు కింద, అదే మేడలో, ఒక పెద్ద డాక్టరు గారి గది ఉండేది. జనం మా డాక్టరును పై డాక్టరు అనీ, ఆయన్ను కింద డాక్టరు అనీ పిలిచేవాళ్ళు. డెబ్భై దాటిన మనిషి. గదిలో ఒక స్టెతస్కోపు, బీపీ చూసేది, కూజా. ఇద్దర్నీ ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. న్యాయం కోసమని అనను, భోజనం వేళ దాటిపోతోంది. ఆయన దగ్గర వదిలేసి కారేజీ విప్పుకుందామనుకున్నాను. కానీ ఆయన నన్నూ కూర్చోమన్నాడు.

ఫైలు ఇస్తే పక్కన పెట్టాడు. దానియేలు వైపు తిరిగాడు.

"ఏవయ్యా, నీకేమవుతోంది?"

దానియేలు నా వైపు చూశాడు. శిబిరం మొదలైన దగ్గర్నుంచి అతన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"నాకేమీ అవట్లేదండీ."

"గుండెలో మంట అన్నావట. ఇందులో రాశారు."

"గుండెలో కాదండీ, గుండె మీద. ఈ సారు జిగురు రాశాడు. కారం తడిసి మండింది."

కింద డాక్టరు నా వంక చూశాడు. నేను కూజా వంక చూశాను.

"సరే, అయినా అడుగుతాను. మూట ఎత్తుకుని బల్ల ఎక్కేటప్పుడు రొమ్ములో పట్టేసినట్టు, ఎవరో బరువు పెట్టినట్టు ఉంటుందా?"

"ఉండదండీ."

"ఎడమచెయ్యి గానీ, దవడ గానీ లాగుతుందా?"

"లేదండీ."

"ఆగి నిలబడితే తగ్గిపోతుందా?"

"అసలు వస్తే గదండీ తగ్గేది!"

"చెమటలు పడతాయా?"

"యార్డులో చెమట పట్టందెవరికండీ? మా మేస్త్రికి తప్ప. ఆయన నీడలో ఉంటాడు."

కింద డాక్టరు నవ్వి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. వీపు వైపు కూడా విన్నాడు. ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్ళున్నారా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డాడా అని అడిగాడు. అప్పుడు ఫైలు తెరిచి గీతలన్నీ చూశాడు. ఇంతలో వెనకనుంచి సాంబయ్య గొంతు వినిపించింది. ఎప్పుడూ అరిచే మనిషి, చాలా మెల్లగా అడిగాడు.

"డాక్టరు గారూ, మధ్యలో ఒకటి అడిగారే. ఆగితే తగ్గుతుందా అని. ఆగితే తగ్గిపోతే మంచిదే గదండీ?"

కింద డాక్టరు ఫైలు మూసేశాడు.

"ఎవరికి తగ్గుతోంది?"

సాంబయ్య తల వంచుకున్నాడు. "ఊరికే అడిగానండీ."

"మేస్త్రీ," అన్నాడు దానియేలు, "కాటా దగ్గర్నుంచి గేటుదాకా పోవటానికి మధ్యలో రెండుసార్లు ఆగి బీడీ ముట్టిస్తావు. బీడీ కాల్చకుండా పారేస్తావు. అందుకేనా?"

"నువ్వు నోర్మూసుకోరా."

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు కింద డాక్టరు.

సాంబయ్య తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. దసరా నుంచి. నడిస్తే రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు. నిలబడితే పోతుంది. ఈ నెలలో నాలుగడుగులకే వస్తోంది. శిబిరం రోజు చివర్న తీయించుకుందామనుకున్నాడు గానీ, ఏదైనా బయటపడితే మేస్త్రిరికం పోతుందని తీయించుకోలేదు. బల్ల మీద పడిపోయిన మనిషి పడేముందు తనకు చెప్పిన బాధ కూడా ఇదేనట. అతన్ని "గాలి పట్టిందిలే, వాము నములు" అని పంపాడట.

కింద డాక్టరు లేచి అతన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. నాతో, "ఈయన్ని మళ్ళీ మెట్లెక్కించకు. మెషినే కిందికి పట్టుకురా" అన్నాడు. తెచ్చాను. ఈసారి స్పిరిట్‌తో తుడిచాను. ఈసీజీ చక్కగా, పుస్తకంలో బొమ్మలాగా వచ్చింది. మెషిను కింద "నార్మల్" అని అచ్చు వేసింది. కదలకుండా పడుకున్నప్పుడు గుండెకు రక్తం చాలుతుంది. ఇలాంటి నొప్పి ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఆ సమయంలో గీత మామూలుగానే ఉంటుంది.

సాంబయ్య మొహం వెలిగింది. "నార్మలే గదండీ!"

"నీకు ఆ కాగితం పనికిరాదు" అన్నాడు కింద డాక్టరు. "నీకు నొప్పి ఉంది, అది పెరుగుతోంది. నీకు యాంజియో కావాలి. ట్రెడ్‌మిల్లు కూడా వద్దు, తిన్నగా వెళ్ళాలి. ఇతనికేమీ అక్కర్లేదు."

"వీడికి అబ్‌నార్మల్ అని వచ్చింది, నాకు నార్మల్ అని వచ్చింది. మీరు తిరగేసి చెబుతున్నారేందండీ?"

"కాగితాలు చూసి చెప్పట్లేదయ్యా. నేనూ రోజూ మనుషుల్ని పైకి పంపుతాను. ఏం వెతకాలో తెలిశాక పంపుతాను."

"మరి నాకు కాగితం రాసిస్తారాండీ?" అని అడిగాడు దానియేలు. అతని సోమవారం అతనిది.

కింద డాక్టరు కలం తీయబోయాడు. సాంబయ్య పడుకున్నచోటే చెయ్యి అడ్డంపెట్టాడు.

"కాగితం ఎవడిక్కావాల్రా? సోమవారం ముందు నువ్వే ఎక్కు. నేను వచ్చేదాకా మనుషుల్ని నువ్వే చూసుకో."

నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి, ఎలా వాడాలో చెప్పి, కింద డాక్టరు బెజవాడకు ఫోను చేశాడు. అక్కడే ఉన్న మా పై డాక్టరు ఎదురొచ్చి సాంబయ్యను ఆస్పత్రిలో చేర్చుకున్నాడు. యాంజియోలో పెద్ద నాళమే చాలావరకు పూడుకుపోయిందని తేలింది. ఆపరేషను జరిగింది. తర్వాతి సీజనుకు సాంబయ్య యార్డులో కుర్చీ వేసుకుని కూర్చుని మళ్ళీ అరవటం మొదలుపెట్టాడు. మా పై డాక్టరు ఆ తర్వాత శిబిరాల్లో రోగి దగ్గరికి తనే లేచి వెళ్ళి, మంట ఎక్కడో వేలు పెట్టి చూపించమనేవాడు.

ఇక్కడ ఆపితే మా వీధిలో బాగా పండుతుంది. చాలాసార్లు ఇక్కడే ఆపాను కూడా.

మే నెలలో దానియేలు ఒక్కడే సెంటరుకు వచ్చాడు. ముందు నడుస్తున్నాడు, మోత మోస్తున్నాడు, ఒంట్లో ఏమీ లేదు. ఎకో తీయమన్నాడు.

"ఎందుకయ్యా? నీకేమీ లేదన్నారుగా."

"అది పెరిగిందేమో చూడండి."

"ఏది?"

"లీకు."

అది జబ్బు కాదని, చాలామందిలో ఉండేదేనని, నాలోనూ ఉండి ఉంటుందని చెప్పాను. తల ఊపాడు. పై డాక్టరు పిలిచి కూర్చోబెట్టి, బొమ్మ గీసి మరీ చెప్పాడు. దానికీ తల ఊపాడు. కిందికి తీసుకెళితే కింద డాక్టరు గారు భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. అన్నీ విన్నాక దానియేలు నాతో పాటు మెట్ల దగ్గర నిలబడి ఇలా అన్నాడు:

"మీరు ముగ్గురూ చెప్పింది నాకు అర్థమైందండీ. కానీ ఇదివరకు నాలోపల గుండె ఒకటుందని నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు దిండు మీద తల ఆనిస్తే చెవిలో అదే కొట్టుకుంటా ఉంటది. ఆగుద్దేమోనని వింటా పడుకుంటన్నా. బల్ల మీద కూడా వింటన్నా. వెనకవాళ్ళు ఏందిరా అడుగు తప్పుతున్నావు అంటన్నారు."

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం, ప్రతి సీజను చివరా వచ్చేవాడు. రెండేసి మెట్లు ఎక్కి, ఆయాసం లేకుండా. తీయనంటే బతిమాలేవాడు. ఒక ఏడు తీసి చూపించాం, తెర మీద ఆ చిన్న జాడ అలాగే ఉంది, పెరగలేదు, తగ్గలేదు. దానితో ఊరట పడతాడనుకున్నాం. "అయితే ఇంకా ఉందన్నమాట" అని వెళ్ళిపోయాడు.

ఆ కేసు తర్వాత నేను ఎలక్ట్రోడు చేతిలోకి తీసుకునేముందు మనిషిని ఒక మాట అడగటం అలవాటు చేసుకున్నాను. ఏమవుతోంది, ఎందుకొచ్చావు అని. ఏమీ లేదన్నవాళ్ళలో కొందరిని కింద డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. మేనేజరు విసుక్కునేవాడు. ఎంతమందిని పంపానో చెప్పమంటే ఇక్కడ పెద్ద సంఖ్య వేయాలని నోరు ఊరుతోంది గానీ, కొద్దిమందినే. సాంబయ్యకు వచ్చింది జబ్బు. దాన్ని తీయటానికి మందు ఉంది, కత్తి ఉంది, పేరున్న ఆస్పత్రి ఉంది. దానియేలుకు మేం పెట్టినది జబ్బు కాదు, ఒక మాట. దాన్ని తీయటానికి రెండంతస్తుల మేడలో మా దగ్గర ఏమీ లేకపోయింది.